కృత్రిమవనము: కోనసీమ వర్ణనములపై విమర్శ

ఆలంకారికులు ధ్వనికి నుదాహరణముగాఁ జూపు గాథలలో మొదట స్మరింపఁదగినది హాలుని సప్తశతిలోని గోదావరీతీరపు గాథ. అందొక యువతి యొక ధార్మికునితో, అతనిని బెదరించుచుండిన కుక్కను గోదావరి యొడ్డు పొదలో నుండు సింహము చంపినది గాన నిఁక నిశ్చింతగాఁ దిరుగవచ్చునని చెప్పును. పైకి విధి, లోన నిషేధము. ఆనందవర్ధనుఁడు దీనిని గ్రహించెను. అభినవగుప్తుఁడు వ్యాఖ్యానించెను. మహిమభట్టు దీనినే యనుమానమునకు లోఁబఱుపఁ జూచెను. మమ్మటుఁడు మరల ధ్వనిపక్షమును నిలిపెను. ఇంత వాదము జరిగినను, గాథకు మూలమైన లౌకికవిషయమును వ్యాఖ్యాతలు సూచించి విడిచిరే కాని విచారింపలేదు. ధార్మికుఁడు పూజకై పూవులును ఆకులును కోయుచుఁ బొదను పలుచన చేయుచున్నాఁడు. యువతికి ఆ పొద సంకేతస్థలము. ఒక్క పొదతో నిద్దఱికిఁ బని కలదు. ఒకరి వాడుక వేఱొకరి వాడుకను జెఱుచుచున్నది. పొద యెవరిది, అందెంత కోయవచ్చును, దానిని గాపాడవలసినవా రెవరు అను ప్రశ్న యా గాథ యడుగున నున్నది. అది లేనిచో వ్యంగ్యమే లేదు.

ఆ పొద గోదావరి యే భాగమున నుండెనో గాథ చెప్పదు. చెప్పకున్నను, ఆ ప్రశ్న గోదావరి సముద్రమును గలియుచోట నేఁటికిని సజీవముగ నున్నది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణమున సముద్రము హద్దులుగా, నడుమ వైనతేయము పాఱుచుండఁగా, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములతోఁ గూడిన సీమకుఁ గోనసీమ యని పేరు. కోన యనఁగాఁ గొండల నడిమి లోయ యని యొక యర్థము కలదు గాని, ఒక్క కొండయు లేని యీ నేల కా యర్థము పొసఁగదు. కోణశబ్దభవమైన కోన, మూల యను నర్థముననే యిచటఁ గుదురును. ఈ సీమను వర్ణించిన పద్యములు, ఖండకావ్యములు, వచన వ్యాసములు లెక్కకు మిక్కిలి. వానిలో మూఁడు లక్షణములు మరల మరలఁ గనఁబడును. మొదటిది, కోనసీమను నందనవనముతోఁ బోల్చుట. రెండవది, దానిని ప్రకృతి ప్రసాదముగాఁ గీర్తించుట. మూఁడవది, ఛందస్సునకు సరిపడినట్లు చెట్ల పేళ్లను వరుసగాఁ గూర్చుట. ఈ మూఁటిలోను మనుష్యుని చేయి లేదు. చేయి లేని వర్ణనము కోనసీమ విషయమున దేశౌచిత్యమును దప్పినదనియు, ఆ దోషము కావ్యముతో ముగియక నేలకును దాఁకుచున్నదనియు నిరూపించుట యీ విమర్శకుఁ బ్రయోజనము.

కోనసీమ తోఁట కృత్రిమవన మనినచో నచటివారు నొచ్చుకొనవచ్చును. ఏలయన, నేఁటి తెలుఁగునఁ గృత్రిమ మనఁగా నబద్ధము, కల్తీ, నటన. ఈ దోషము శబ్దమునకుఁ బుట్టుకతో వచ్చినది కాదు. పాణినీయమునఁ గృఞ్ ధాతువుపై క్త్రి ప్రత్యయమును, ఆపై నిత్యముగా మప్ ప్రత్యయమును జేరి కృత్రిమశబ్ద మేర్పడును. క్రియచే సిద్ధించిన దని దాని యర్థము. పాకముచే సిద్ధించినది పక్త్రిమ మైనట్లే, చేఁతచే సిద్ధించినది కృత్రిమము. వండిన యన్నమును అబద్ధపు టన్నమని యెవరును నిందింపరు. అట్లే, చేసిన వనమును అబద్ధపు వనమని నిందింపఁ బనిలేదు. అర్థము జాఱుటచే నొక మంచి మాట మనకుఁ గాకపోయినది. దాని స్థానమునఁ బ్రకృతి యను మాట వచ్చి కూర్చున్నది. ప్రకృతి యనిన స్తుతి, కృత్రిమ మనిన నింద యను నీ విభాగము ప్రాచీనులది కాదు.

ప్రాచీనుల దృష్టి యెట్టిదో వనశబ్దమే తెలుపును. వనశబ్దమందలి నకారమునకు ణత్వమును విధించు సూత్ర మొకటి యష్టాధ్యాయి చివరి పాదమునఁ గలదు. అందు శరము, ఇక్షువు, ప్లక్షము, ఆమ్రము, ఖదిరము మొదలగునవి యొక్క వరుసలోఁ జెప్పఁబడినవి. శరవణ మనఁగాఁ దనంత మొలచిన గడ్డిదుబ్బుల చోటు. ఇక్షువణ మనఁగా మనుష్యుఁడు నాఁటి నీరు పెట్టిన చెఱకుతోఁట. ఖదిరవణము చండ్రచెట్ల యడవి. ఆమ్రవణము మామిడితోఁపు. తనంత మొలచినదానికిని, నాఁటి పెంచినదానికిని సూత్రకారుఁడు వేఱు నియమము పెట్టలేదు. ఒకే జాతి మొక్క గుంపుగా నిలిచిన చోటు వనము. అది యెట్లు నిలిచినదను విచారము వేఱు. ఆ వేఱు విచారమును అమరసింహుఁడు చేసెను. అడవి పేళ్లను ముందు చెప్పి, పిమ్మట నారామ ముపవనము లనునవి కృత్రిమమైన వనమని స్పష్టముగాఁ జెప్పెను. అందు నిందయొక్క నీడయైనను లేదు. గౌతమికి ఆవలి యొడ్డుననున్న దాక్షారామము పేరిటనే యారామశబ్ద మున్నది. శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున నా క్షేత్రమును గీర్తించెను. కోనసీమకుఁ బొరుగుననే యింతటి ప్రామాణికమైన శబ్దము ఊరిపేరై నిలిచియుండఁగా, స్వర్గమునుండి నందనమును దెచ్చుకొనవలసిన యగత్యము కవులకు లేదు.

నందనోపమానమున మఱియొక యనౌచిత్యము కలదు. ఇంద్రుని తోఁటకు వఱద లేదు, కాలువ లేదు, పూడిక లేదు. గోదావరి మండలమువా రెఱిఁగిన నందన మట్టిది కాదు. 1832-33 నందననామ సంవత్సరము. ఆ యేఁటి క్షామమును నందన కఱవని పెద్దలు చెప్పుకొనెడివారు. మహానది ప్రక్కనే పాఱుచుండఁగా, నీరు పొలమున కెక్కక జనులు మలమల మాఁడిరి. ఆ పిమ్మటనే ఆర్థర్ కాటన్ పూనికపై ధవళేశ్వరమునొద్ద ఆనకట్ట పని 1847లో నారంభమై 1852లో ముగిసెను. దానినుండి బయలుదేరిన మధ్య డెల్టా కాలువలే కోనసీమకు జీవనాడులు. వైనతేయమున కావలి నగరము దీవికి నీరు పోవుటకై గన్నవరమునొద్ద నక్విడక్టు కట్టి, ఏటిమీఁదుగాఁ గాలువను నడపిరి. ఒక నది నీరు వేఱొక పాయ నెత్తిమీఁదుగాఁ బోవు చోటును జూచియు, ఆ పచ్చదనము ప్రకృతి ప్రసాదమే యని వ్రాయుట చూపు లేని వర్ణనము. ఆనకట్టకు ముందు తోఁటలు లేవని కాదు. నేఁడు కవి చూచి మెచ్చుకొను విస్తారము, నిలుకడ, ఏడాది పొడుగునఁ దఱుగని పచ్చదనము, ఇవి కాలువతోడఁ గూడినవి.

నేలను ముక్కముక్కలుగాఁ గాక, ఒకదానితో నొకటి ముడిపడిన ఖండములుగాఁ జూడవలయునని చెప్పు శాస్త్ర మొకటి గత శతాబ్దిలోఁ బుట్టినది. కార్ల్ ట్రోల్ అను జర్మను భూగోళశాస్త్రజ్ఞుఁడు 1939లో దానికిఁ బేరు పెట్టెను. విమానములనుండి తీసిన ఛాయాచిత్రములలో నడవి, పొలము, నీరు, ఊరు ఒక్క పటముగా నగపడుట యాతని యాలోచనకు మూలము. ఇట్టి దృష్టి మనకుఁ గ్రొత్త గాదు. చరకసంహిత కల్పస్థానమున దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూఁడు విధములుగా విభజించి, ఆనూపదేశమునకు లక్షణముగా నారికేళ కదళీ వనములను, నదులను, సముద్రపు టంచును, చల్లని గాలిని గలిపి చెప్పినారు. చెట్టును, నీటిని, గాలిని, అచట నివసించువాని దేహమును విడదీయక చెప్పుట యందలి విశేషము. కోనసీమకు దీనికంటె సరియైన లక్షణవాక్యము దొరకదు. కవులు వైద్యుని యొద్ద నేర్వఁదగిన యౌచిత్య మిది.

ఆ దృష్టితోఁ జూచినచోఁ గోనసీమ యొక్క తోఁట కాదు, అయిదాఱు పట్టెల కూర్పు. సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బ. దాని వెనుక నుప్పు తగిలిన పఱ్ఱయు, ఏటిమొగలయొద్ద మడయడవియు. ఆపైఁ బల్లపు వరిచేలు. చేలకంటె నెత్తుగా మెరకమీఁది కొబ్బరితోఁటలు. ఏటి నడుమ లంకలు. ఈ పట్టెలకు హద్దు నీటి మట్టము. జానెడు మెరక పల్లమునకు భేదమే వరికిని గొబ్బరికిని భేదము. కొబ్బరి వేరునొద్ద నీరు చాలకాలము నిలువరాదు, నీరు లేకయు నుండరాదు. బోదె త్రవ్విన మన్ను మొదలున కెక్కించి, వాననీరు బోదెలోనికిని, బోదెనీరు మురుగుకాలువలోనికిని, అది సముద్రములోనికిని పోవునట్లు చేయుట రైతు నిత్యవిధి. కాలువ నీరు తెచ్చుట యెంత ముఖ్యమో, మురుగు నీరు పంపుట యంత ముఖ్యము. మన పద్యములలోఁ గాలువ కొంత కనఁబడును, మురుగుకాలువ మాత్రము కనఁబడదు. దండి మహాకావ్యమునకు విధించిన వర్ణనల పట్టికలో నగరము, అర్ణవము, శైలము, ఉద్యానము కలవు. వరిచేను లేదు, మురుగుకాలువ అసలే లేదు. పట్టికలో లేనిదానిని జూడకుండుట మనకు వెయ్యేండ్ల యలవాటు.

కొబ్బరి వర్ణనమునే తీసికొందము. కొబ్బరిని కల్పవృక్ష మనుట సర్వసాధారణము. కల్పవృక్షము కోరిన వెంటనే యిచ్చును. కోనసీమయం దధికముగా నున్న పొడుగు జాతి కొబ్బరి, నాఁటిన యాఱేడేండ్లకుఁ గాని కాపునకు రాదు. వచ్చిన పిమ్మట నఱువదేండ్లకు మించి కాయును. నాఁటినవాఁడు కొడుకును, మనుమనిని దలఁచుకొని నాఁటును. కావున దానిని వంశవృక్ష మనుట సార్థకము గాని కల్పవృక్ష మనుట కాదు. అమరసింహుఁడు కొబ్బరిని, పోఁకను, తాటిని, ఈఁతను వనౌషధివర్గము చివర నొక చోటఁ జేర్చి తృణద్రుమములనెను. చెట్లవలె నున్నను ఇవి గడ్డికిఁ జుట్టము లని యాతని భావము. నేఁటి వృక్షశాస్త్రము వీనిని గడ్డితోపాటు ఏకదళబీజములలోఁ జేర్చుటచే నా భావము సమర్థింపఁబడినది. గడ్డివలెనే వీని కొక్కటే మొవ్వు. మొవ్వు చెడినచోఁ జెట్టు చచ్చును, కొమ్మ వేయదు. కొబ్బరికొమ్మలపైఁ జిలుకలను గూర్చుండఁబెట్టు పద్యము లీ చిన్న సంగతిని మఱచినవి. కొబ్బరికి మట్ట కలదు, కొమ్మ లేదు.

ఇంతకంటెఁ బెద్ద మఱపు దింపువానిది. నెలన్నరకో రెండు నెలలకో యొకసారి చెట్టెక్కి, కాయ పండిన గెలను దెలిసి కోసి, ఎండుమట్టలు తీసి, మొవ్వును బరీక్షించి దిగువాఁడు కోనసీమలోఁ దోఁటకు వైద్యుఁడు. మొవ్వునఁ బురుగు చేరినదని మొదట నెఱిఁగెడువాఁడు వాఁడే. 2016లో దక్షిణభారతమున మొదటఁ గనఁబడి, పిమ్మట నీ తోఁటలకును వ్యాపించిన సర్పిలాకారపుఁ దెల్లదోమను ఆకు క్రింది తెల్లని చుట్టలలో ముందుగాఁ జూడఁగలవాఁడును వాఁడే. అంబాజీపేటలోఁ గొబ్బరి పరిశోధనస్థాన మున్నది, సంత యున్నది. ఆ శాస్త్రమునకును ఆ వ్యాపారమునకును నడుమ నిలిచినది దింపువాని మోకు. కోనసీమపైఁ బుట్టిన యెన్ని ఖండకావ్యములలో నీ మోకు కనఁబడును? మట్టలపై వెన్నెలను వర్ణించిన కవి, ఆ మట్టను దినమెల్ల తాఁకువానిని వర్ణింపకుండుట కేవలము ప్రమాదము కాదు. అది వర్ణనపద్ధతిలోని లోపము.

లంకల విషయమున నీ లోపము వేఱు రూపున నున్నది. శరత్తునకు రెల్లుపూవును వస్త్రముగాఁ జెప్పుట ఋతుసంహారము నాఁటినుండి వచ్చుచున్నది. కీర్తికిని, చామరమునకును, నవ్వునకును రెల్లు పోలికయైనది. తెల్లదనము తప్ప రెల్లున మఱియే గుణమును గవులు తీసికొనలేదు. గోదావరి లంకలో రెల్లు చేయు పని వేఱు. వఱద తగ్గినపుడు మిగిలిన యిసుకమీఁద మొదట మొలచునది యదియే. దాని వేరుదుంపలు ఇసుకను బట్టి యుంచును. దాని పోచలు మఱుచటి వఱదలోఁ గొట్టుకొనివచ్చు నొండ్రును నిలుపును. ఏఁటేఁట నట్లు నిలిచిన యొండ్రు పైనఁ గూరలు, అరఁటి, లంకపొగాకు పండును. రెల్లు కోసి యిండ్లు కప్పుకొందురు. కోఁతకుఁ గాలము, మితము నెఱిఁగి కోయుదురు. ఒక్కసారిగాఁ బెఱికివేసినచో లంక మరల యేటిపాలగును. కవి చూచిన శ్వేతిమము నేల పుట్టుకకు గుర్తు. ఈ విషయ మెఱిఁగిన కవి రెల్లును జామరముగాఁ బోల్చినను దప్పులేదు. క్రొత్తగాఁ బుట్టిన నేలకు వీచు చామర మనినచో నలంకారమును వస్తువును గలియును. ఎఱుఁగక పోల్చినచో నది కాశ్మీరమందైనను, కాశియందైనను జెల్లును. కోనసీమకుఁ బ్రత్యేకముగాఁ జెందదు.

మడయడవికిఁ గావ్యములలో నీమాత్రపు చోటును లేదు. ఉప్పునీటఁ గాళ్లు పెట్టుకొని, గాలికై వేళ్లను పైకెత్తి నిలుచు మడచెట్లు, తిల్లచెట్లు గౌతమి సముద్రమును గలియు చోట విస్తారముగాఁ గలవు. ఆవలి యొడ్డున కోరంగి మడయడవిని 1978లో నభయారణ్యముగాఁ బ్రకటించిరి. చేఁపపిల్లకును, రొయ్యపిల్లకును నది పురిటిల్లు. తీరమునకు నది కట్టని గట్టు. పల్లెకారులకు వంటచెఱకును, పశువులకు మేఁతయు నిచ్చెను. ఇది యడవి గదా, ఇందుఁ గృత్రిమ మేమి కలదని యడుగవచ్చును. నఱకుడువలనఁ బాడై, పోటునీరు లోనికిఁ బోక నేల యెండి యుప్పుగట్టిన చోట్ల, 1990ల చివరినుండి యెం.ఎస్. స్వామినాథన్ పరిశోధనసంస్థయు, అటవీశాఖయు, గ్రామస్థులును గలిసి చేఁపముల్లు రూపునఁ గాలువలు త్రవ్విరి. నడుమ నొక పెద్ద కాలువ, ఇరుప్రక్కల నేటవాలు పిల్లకాలువలు. పోటునాఁడు నీరు లోనికిఁ బోయి, పాటునాఁడు వెలికి వచ్చుటచే నుప్పు తగ్గి, మొక్కలు నిలిచినవి. తనంత మొలచునదియు నొకప్పుడు మనుష్యుని చేయూఁతను గోరును. ఇసుకదిబ్బపై నేఁడు హోరుమను సరుగుడు వేఱొక కథ. అది యీ దేశపుఁ జెట్టు కాదు. 19వ శతాబ్దిలో మద్రాసు రాజధాని తీరమున రైలుయింజనుల కట్టెకై పెంచఁబడి వ్యాపించినది. సముద్రతీరపుఁ బ్రకృతిసిద్ధ శోభగా సరుగుడుతోఁపును గొనియాడువారు, మొగలిపొదలు నిలిచిన పాఁత తీరమును దలఁపునకుఁ దెచ్చుకొనవలయును.

పాఁత నేల యెట్లుండెనో తెలుపు నొక సాధనము మన చేతనే యున్నది. అది యూరి పేరు. ఒక వస్తువు కలిగియుండుటచే దేశమునకా వస్తువు పేర వ్యవహారము కలుగుటను బాణిని చాతురార్థిక ప్రకరణమున విధించెను. ఆ కన్నుతోఁ జూచినచో మామిడికుదురు, మొగలికుదురు, తాటిపాక, ఈఁతకోట, పొన్నమండ, చింతలపల్లి యను పేళ్లు మాటలాడును. మామిడి, మొగలి, తాడి, ఈఁత, పొన్న, చింత యివి పాఁత నేలకు సాక్షులు. ఈ పేళ్లలోఁ గొబ్బరి లేకుండుట గమనింపఁదగినది. కుదురు అను మాటకు నిఘంటువులందుఁ బాదు, ఆలవాలము అను నర్థము కలదు. ఆ యర్థమును గొన్నచో మామిడికుదు రనఁగా మామిడి మొదటి పాదు. చెట్టు పేరును, దానికి నీరు పెట్టుటకై చేసిన పాదు పేరును గలిసి యూరిపేరైనవి. ప్రకృతియుఁ గృతియు నొక్క సమాసమునఁ జేరినవి. నందనవన మను నుపమానములో లేని సత్య మీ పల్లె పేరిలోఁ గలదు.

కావ్యము వ్యవసాయశాస్త్రము కాదు, కవిసమయములు వాస్తవమును బాటింపనక్కఱలేదు అని యాక్షేపించువా రుండవచ్చును. అది నిజమే. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో, లేనిదానిని జెప్పుట, ఉన్నదానిని జెప్పకుండుట కవిసమయములలోని భేదములుగా నంగీకరించెను. కాని యా గ్రంథముననే దేశవిభాగమును విస్తరించి, ఏ దేశమున నేమి కలుగునో కవి యెఱుఁగవలయునని విధించెను. క్షేమేంద్రుఁడు ఔచిత్యభేదములలో దేశౌచిత్యమును బ్రత్యేకముగా లెక్కించెను. సమయము కవికి స్వాతంత్ర్య మిచ్చినది గాని కనులు మూసికొను ననుమతి నీయలేదు. వాస్తవమును జూచిన కవులు రసమును బోఁగొట్టుకొనలేదు. హాలుని సప్తశతిలోఁ బంట కోఁతకు వచ్చినదని సంకేతస్థలము పోవునని దుఃఖించు నాయికలున్నారు. అచట శృంగారమును వ్యవసాయమును విడదీయరాదు. ఆముక్తమాల్యదలోఁ గాలువగట్టున ముక్కును రెక్కలఁ దూర్చి నిద్రించు బాతులను జూచి, అవి మఱచిపోయిన పిండిన బట్టలని తలవరులు భ్రమించుట యెల్లరు నెఱిఁగినదే. అందుఁ గాలువ యున్నది, కావలి యున్నది, స్నానమాడిపోయిన మనుష్యుఁ డున్నాఁడు, పక్షియు నున్నది. నేఁటి కాలమున మామిడికుదురునఁ 1911లోఁ బుట్టిన బోయి భీమన్న పాలేరు నాటకమున నా సీమ నేలను దున్నువానినే రంగస్థలమునకుఁ దెచ్చెను. కోనసీమ సాహిత్యమున నది దృష్టిలోఁ గలిగిన పెద్ద మార్పు. తోఁటను వర్ణించువారు తోఁటలో నెవరున్నారో యడుగవలసిన విధి దానితో నేర్పడినది.

ఈ విచారము కేవలము కావ్యదోషములను లెక్కించుటకుఁ గాదు. మాట తప్పినచో బాధ్యత తప్పును. తోఁట ప్రకృతి ప్రసాదమైనచో దానిని నిలుపుట యెవరి పనియుఁ గాదు. మురుగుకాలువ పూడినచో నది దైవికము, ఉప్పు తగిలినచో నది విధి. 1996 నవంబరు 6వ తేదీ తుపానునఁ గోనసీమ కొబ్బరితోఁటలు నేలఁగూలినపుడు, ఒక తరము నాఁటినది యొక్క రాత్రిలోఁ బోయెను. మరల నాఁటినవారు మనుష్యులే. ఆ సంవత్సరమే డిసెంబరు 11వ తేదీని సుప్రీముకోర్టు తీరప్రాంత రొయ్యల చెఱువులపైఁ దీర్పు చెప్పుచు, పొలములను, మడయడవులను జెఱువులుగా మార్పఁగూడదనెను. 2005లోఁ బార్లమెంటు చేసిన శాసనము చెఱువులను నమోదు చేసి యనుమతించు పద్ధతి నేర్పఱచెను. శాసనములు మాఱినను నేల ధర్మము మాఱదు. ఉప్పునీరు నింపిన చెఱువు గట్టు ప్రక్కనున్న కొబ్బరి కాలక్రమమునఁ బసుపువన్నె యగును, ప్రక్క చేను చవుడగును. 2011 సార్వాలోఁ గోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి వేలకొలఁది యెకరములు నాట్లు వేయక విడిచిరి. ధర చాలకుండుట, కూలి ఖర్చు పెరుగుట, మురుగుకాలువలు పూడుట వారు చెప్పిన కారణములలోనివి. ఆ యేఁడు నాట్లు పడని చేలలోను పచ్చదన మున్నది, అది తుంగయు గడ్డియు. దూరమునుండి చూచి పద్యము చెప్పువానికి నా పచ్చదనమునకును, ఈ పచ్చదనమునకును భేదము తెలియదు. ఆ భేదమును జెప్పఁగల భాష సాహిత్యమున లేకపోవుటయే యిచటి నష్టము.

ఆ భాష జనులలోఁ గలదు. మెరక, పల్లము, పఱ్ఱ, తిప్ప, మొగ, బోదె, దింపు, మొవ్వు, ఒండ్రు, పోటు, పాటు అను మాటలలోఁ బ్రతిదియు నొక జ్ఞానఖండము. మెరకకును దిప్పకును భేద మెఱిఁగినవాఁడు నీటి మట్టము నెఱుఁగును. తోఁట చెఱువైన చోట దింపు అను మాట యొక తరములో మఱపునఁ బడును. మాట పోయిన పిమ్మట నది సూచించిన మెలఁకువయుఁ బోవును. నిఘంటుకారులు కావ్యప్రయోగములను వెదకినంత శ్రద్ధతో దింపువారిని, లంకరైతులను, పల్లెకారులను బ్రశ్నించి యీ పదములను అర్థభేదముతో నెక్కించుట యావశ్యకము. కవులు వానిని వాడుట యంతకంటె నావశ్యకము.

కోనసీమలోఁ గనుమనాఁడు మొసలపల్లి చేరువ జగ్గన్నతోఁటకుఁ బదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలపై వేంచేయుదురు. అచట గుడి లేదు. కొబ్బరితోఁటయే దేవసభ. గంగలకుఱ్ఱు ప్రభను గౌశికకాలువలో దింపి, భుజములపై మోసి, ఆవలిగట్టు కెక్కింతురు. పచ్చని చేలలోనుండి ప్రభలు పోవునపుడు పైరు త్రొక్కఁబడినను రైతు దానిని భాగ్యముగాఁ దలఁచును. తోఁట, కాలువ, చేను, జనము, దేవుఁడు ఒక్క చోటఁ గూడిన యీ తీర్థమున ఏది ప్రకృతి, ఏది కృతి యని విడదీయుట కష్టము. ఏకాదశరుద్రులు కూర్చుండుటకు మనుష్యుఁడు నాఁటిన తోఁట చాలినది. అట్టి తోఁటకుఁ గవి నందనవనమును జాటుగాఁ దేనక్కఱలేదు. కృత్రిమవన మను మాటకుఁ బూర్వగౌరవమును మరల నిచ్చి, చేసినవాని చేతిని వర్ణనలోనికిఁ దెచ్చినఁ జాలును. గోదావరీతీరపుఁ బొద యెవరిదను ప్రశ్నకు హాలుని గాథలో వ్యంగ్యమే సమాధానము. కోనసీమ తోఁట విషయమున నది వాచ్యమే కావలయును. విజ్ఞులు దీనిని విచారింతురు గాక.